రసాయనాలు లేని సున్నం

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు అమ్మ దగ్గరికి వెళ్లాను. ముందు గదులకు రంగులు వేయించి ఇరవై ఏళ్లు దాటినా, వెనక వసారాకు అమ్మ ఇప్పటికీ సున్నమే వేయిస్తుంది. ఆ గోడలు తెల్లగా మెరవకపోతే ఆవిడకు పండగ వచ్చినట్టే ఉండదు. ఐదు కిలోల సున్నం తెమ్మని నన్ను బజారుకు పంపింది. వెనుకటిలా గోనెసంచిలోంచి రాళ్లు తీసి తూచే రోజులు కావు. కొట్టాయన అరలోంచి ఒక ప్లాస్టిక్ సంచి తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద పచ్చటి ఆకు బొమ్మ. ఆకు కింద పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: "నూరు శాతం సహజం. రసాయనాలు లేవు."

నేను బడిపిల్లలకు భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పే టీచర్ని. సున్నం సమీకరణాలను ఇరవై నాలుగేళ్లుగా పిల్లల చేత రాయిస్తున్నాను. సంచిని అటూ ఇటూ తిప్పి చూశాను. లోపల ఉన్నది బట్టీలో కాల్చిన పొడి సున్నమో, దానికి నీళ్లు పట్టించిన తడి సున్నమో రాయలేదు. నీళ్లు పోస్తే వేడెక్కుతుందో లేదో రాయలేదు. చేతికి తొడుగు వేసుకోవాలని గానీ, కంట్లో పడితే ఏం చేయాలని గానీ ఒక్క ముక్క లేదు. సంచిలో ఏముందో చెప్పకుండా, ఏం లేదో మాత్రం చెప్పారు.

"సున్నంలో రసాయనాలు లేకపోవడం ఏమిటి బాబాయ్?" అని అడిగాను.

"ఈ మధ్య ఏ సరుకు కొన్నా జనం అదే అడుగుతున్నారు టీచరమ్మా. ఆ ముక్క లేకపోతే సంచి కదలడం లేదు" అన్నాడు.

అతన్ని తప్పుపట్టను. అడిగే మాటకు తగ్గ సరుకే బజారులో దొరుకుతుంది. కానీ ఆ రెండు మాటలు నన్ను ఇంటిదాకా వదల్లేదు. పండగ అయిపోయి తిరిగి వచ్చాక కూడా వదల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను. 'రసాయనాలు లేవు' అన్న మాటను చాలామంది చిన్న అబద్ధంగా, అమ్మకం కోసం ఆడే ముచ్చటగా తీసుకుంటారు. నా అనుభవంలో దాని నష్టం చిన్నది కాదు. ఫ్యాక్టరీ సరుకు అనగానే మనం ఉలిక్కిపడటం అలా ఉంచండి. అమ్మమ్మల నాటి నుంచి ఇంట్లో ఉన్న వస్తువుల దగ్గర భయపడవలసిన చోట కూడా నిశ్చింతగా ఉండిపోతున్నాం. ఆ నిశ్చింత ఖరీదు ఎంతో నేను దగ్గరి నుంచి చూశాను.

గాబులో ఉడికిన రాయి

మా చిన్నప్పుడు పిడుగురాళ్ల బట్టీల సున్నం గోనెసంచుల్లో వచ్చేది. బూడిద పూసినట్టుండే తేలికపాటి రాళ్లు. పెరట్లో సిమెంటు గాబులో నాన్న వాటిని పోసి, పైనుంచి బిందెడు నీళ్లు వంపేవాడు. ఒకటి రెండు నిమిషాలు ఏమీ జరిగేది కాదు. ఆ తర్వాత రాళ్లలోంచి బుసబుస శబ్దం. ఒక్కో రాయి పగిలి, విచ్చుకుని, పిండిలా రాలేది. ఇంకాసేపటికి గాబంతా కుతకుతలాడుతూ ఆవిరి లేచేది. పొయ్యి లేదు, నిప్పు లేదు, నీళ్లు మరుగుతున్నాయి! అన్నయ్యా నేనూ కళ్లప్పగించి చూసేవాళ్లం. "సున్నం ఉడుకుతోంది, గడప దాటి రావద్దు" అని నాన్న కర్ర అడ్డం పెట్టేవాడు. రెండు రోజులు చల్లారాక అమ్మ దాన్ని పాత చీరగుడ్డతో వడకట్టి, నీలిమందు, గుప్పెడు ఉప్పు, నానబెట్టిన తుమ్మజిగురు కలిపేది.

ఆ రాయి భూమిలో అలా దొరకదు. భూమిలో దొరికేది సున్నపురాయి, అంటే కాల్షియం కార్బోనేట్. బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడికి అది విడిపోతుంది. 100 కిలోల శుద్ధమైన రాయి కాలిస్తే 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలిసిపోతాయి. మిగిలే 56 కిలోలు పొడి సున్నం, అంటే కాల్షియం ఆక్సైడ్. దానికి 18 కిలోల నీళ్లు పట్టి 74 కిలోల తడి సున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్ తయారవుతుంది. గాబులో ఉడికింది ఈ కలయికలో పుట్టిన వేడికే. గోడకు పూశాక తడి సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. వెల్ల ఆరడమంటే నీళ్లు ఇగిరిపోవడం మాత్రమే కాదన్నమాట. ప్రతి సంక్రాంతికీ మా వసారా గోడ మీద పల్చటి రాతిపొర ఒకటి కొత్తగా పుట్టేది. ఈ సంగతి నాకు తొమ్మిదో తరగతిలో తెలిసింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి గోడను చేత్తో తడిమి చూశాను.

1750ల్లో స్కాట్లాండ్‌లో జోసెఫ్ బ్లాక్ అనే వైద్యుడు ఈ రాయి కోల్పోయే బరువును తూచి చూశాడు. రాయిలోంచి పోతున్నది ఒక ప్రత్యేకమైన వాయువని, మనం ఊపిరి వదిలినప్పుడు వచ్చేదీ అదేనని సున్నపుతేటలోకి ఊది తేల్చాడు. తెలుగు మాధ్యమంలో చదివిన ఎవరికైనా ఆ ప్రయోగం గుర్తుంటుంది. సున్నపుతేట పాలవలె తెల్లబడుతుంది. గాజు గొట్టంలో ఊదిన పిల్లల ముఖాలు ఆ క్షణంలో ఎలా వెలుగుతాయో ఏటా చూస్తూనే ఉన్నాను.

ఇంత అగ్ని, ఇంత ఆవిరి, ఇంత మార్పు ఉన్న వస్తువు మీద 'రసాయనాలు లేవు' అని రాశారు. మనిషి బుద్ధిపూర్వకంగా తయారుచేసిన అతి పాత రసాయనాల్లో సున్నం ఒకటి. 1591 నాటి చార్మినార్ రాళ్లను పట్టి నిలిపింది గానుగలో తిప్పిన డంగు సున్నమే.

పెళ్లిపీటల మీది సంగతి కూడా చెప్పాలి. మా అక్క పెళ్లిలో పారాణి కలిపే పని నాకు అప్పగించారు. వెండి గిన్నెలో పసుపు, నీళ్లు, వేలి కొసతో తీసిన సున్నం. కలుపుతుండగానే పచ్చటి ముద్ద ఎర్రబడింది. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగలగానే రంగు మారుస్తుంది. దిష్టి తీసే ఎర్రనీళ్లదీ అదే కథ. ప్రయోగశాలలో రంగు మార్చే కాగితంతో చేసే పరీక్షను మన ఇళ్లలో తరతరాలుగా పళ్లెంలో చేస్తూ వచ్చారు. ఆ విద్య మన చేతుల్లో ఉండగా, రసాయనమన్న పేరు వినగానే బెదరడం నాకు బాధగా ఉంటుంది. నిజానికి ఆయుర్వేదం ఎనిమిది అంగాల్లో ఒకదానికి రసాయనమనే పేరు పెట్టింది. ముసలితనాన్ని దూరంగా ఉంచి బలాన్నిచ్చే మందు అని అక్కడ దాని అర్థం. చ్యవనప్రాశ ఆ కోవలోదే. ఆయుష్షు పెంచేదానికి పెట్టుకున్న పేరు మన కాలానికి వచ్చేసరికి తిట్టయింది.

కత్తి ముంచి చూసేవాడు నాన్న

మాకు ఎకరంన్నర నిమ్మతోట ఉండేది. చెట్లకు తెగులు తగిలితే నాన్న బోర్డో మిశ్రమం కలిపేవాడు. ఒక కిలో మైలుతుత్తం, ఒక కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు. మైలుతుత్తం ఒక ప్లాస్టిక్ డ్రమ్ములో, సున్నం ఇంకో డ్రమ్ములో విడిగా కరిగించి, రెండూ కలిపేవాడు. ఇనుప పాత్ర వాడితే పాడవుతుందని వాడేవాడు కాదు. కలిపాక చెట్టు దగ్గరికి వెళ్లే ముందు ఒక పని చేసేవాడు. మొలలోంచి చాకు తీసి, గుడ్డతో తుడిచి, ఆ నీలిరంగు ద్రవంలో ముంచి పైకెత్తేవాడు. ఎండలోకి పట్టుకుని కాసేపు చూసేవాడు. చాకు మీద ఎర్రటి పొర తేలితే ఇంకాస్త సున్నపుతేట పోసి, మళ్లీ ముంచేవాడు. తెల్లగా వస్తేనే పిచికారీ.

ఎర్రటి పొర రాగి. మైలుతుత్తంలోని రాగి పూర్తిగా సున్నంతో కలవకుండా మిగిలితే ఇనుము మీద పేరుకుంటుంది. అది ఆకుల మీద పడితే మాడిపోతాయి. ఈ మిశ్రమం 1880ల్లో ఫ్రాన్సులోని బోర్డో ద్రాక్షతోటల్లో మొదలై ఆ పేరుతోనే మన ఊళ్లకు వచ్చింది. నాన్న ఐదో తరగతితో చదువు ఆపేశాడు. ఈ మందు రసాయనమా సహజమా అని ఆయన ఒక్కరోజూ అడిగినట్టు నాకు గుర్తులేదు. ఆయన అడిగేవి వేరు. ఇది ఏమిటి? దేనితో కలుస్తుంది? ఎంత? ఎక్కువైందని ఎలా తెలుస్తుంది? నేను దాదాపు పాతికేళ్లుగా బల్ల ముందు నిలబడి చెబుతున్న పాఠంలో ఆ నాలుగు ప్రశ్నలకు మించి ఏమీ లేదు.

తినే సున్నమేగా

ఇప్పుడు చెప్పబోయేది రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. ఆరేళ్ల కిందట మా వీధిలో జరిగింది. పక్కింటి బాబుకు అప్పటికి ఐదేళ్లు నిండలేదు. వాళ్ల తాతగారు భోజనం తర్వాత తాంబూలం వేసుకునేవారు. సున్నపుకాయ వాడకం పోయి, సున్నం చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో వస్తోంది కదా. మూత బిగుసుకుపోయిన గొట్టాన్ని ఆ బాబు మొహానికి దగ్గరగా పెట్టుకుని రెండు చేతులతో నొక్కాడు. మూత ఎగిరింది. సున్నం కుడి కంట్లోకి చిమ్మింది.

ఇంట్లో నలుగురు పెద్దవాళ్లున్నారు. నీళ్లకు కొదవ లేదు, పంపు పది అడుగుల దూరంలో ఉంది. ఎవరూ కన్ను కడగలేదు. ఒకరు ఆముదం వేయమన్నారు. ఇంకొకరు చీరచెంగుతో తుడిచారు. బిందె తెచ్చిన వాళ్ల పిన్నిని అక్కడే ఉన్న ఒక పెద్దావిడ ఆపింది. "సున్నం మీద నీళ్లు పోస్తే ఉడుకుతుంది, కన్ను ఉడికిపోతుంది, పోయవద్దు" అంది. ఆవిడ చెడు కోరి ఆ మాట అనలేదు. గాబులో సున్నం ఉడకడం చూసిన మనిషి. తను చూసింది పొడి సున్నమని, బాబు కంట్లో పడింది అప్పటికే నీళ్లు తాగి ఊరుకున్న తడి సున్నమని, దాన్ని నీళ్లతో ఎంత కడిగితే అంత మంచిదని ఆవిడకు తెలియదు. చెప్పే అక్షరం ఆ గొట్టం మీదా లేదు. తాతగారు మాత్రం "తినే సున్నమేగా, ఏమవుతుంది" అంటూ ఉండిపోయారట. ఆటోలో ఆసుపత్రికి చేరేసరికి నలభై నిమిషాలు.

నేను బడి నుంచి వచ్చేసరికి వీధి అరుగుల మీద అందరూ ఉన్నారు. గొట్టం ఇంకా గుమ్మం దగ్గరే పడి ఉంది. చేతిలోకి తీసుకున్నాను. ఒక తమలపాకు బొమ్మ, ఒక దేవుడి బొమ్మ, 'స్వచ్ఛమైనది' అన్న మాట.

ఆమ్ల, క్షార తీవ్రతను చెప్పే కొలత పీహెచ్. సున్నపుతేటకు అది 12.4 వరకు ఉంటుంది. వంటసోడా కలిపిన నీటితో పోలిస్తే సున్నపుతేట పదివేల రెట్ల క్షారం. ఆమ్లం తగిలిన చోట మాంసకృత్తులు గడ్డకట్టి, చాలాసార్లు అదే లోపలికి పోకుండా కొంత అడ్డు అవుతుంది. క్షారం అలా ఆగదు. కణాల పొరల్లోని కొవ్వును సబ్బుగా మారుస్తూ లోపలికి తొలుచుకుపోతుంది. పైగా సున్నం ముద్దగా రెప్పల కింద అతుక్కుని, అక్కడి నుంచి ఊరుతూనే ఉంటుంది. అందుకే చేతికందిన శుభ్రమైన నీళ్లతో అక్కడికక్కడే, రెప్పలు విడదీసి, కనీసం 15 నిమిషాలు, వీలైతే అరగంట కడిగి, ఆ తర్వాతే ఆసుపత్రికి పరుగెత్తమంటారు. నిమ్మరసం, నూనె, చనుబాలు వేయకూడదు. పిల్లల కళ్లకు రసాయన గాయాలంటే యాసిడ్‌లు, ప్రయోగశాలలు అనుకుంటాం. మన దేశంలో పిల్లలకు అటువంటి గాయాలు చేసే వస్తువుల్లో తాంబూలపు సున్నం పొట్లాలే ముందుంటాయని కంటి వైద్యులు ఎప్పటి నుంచో రాస్తూ, చెబుతూ ఉన్నారు.

ఆ బాబు ఇప్పుడు ఐదో తరగతి. కుడి కంటితో వెలుతురు, ఆకారాలు తెలుస్తాయి, అక్షరాలు తెలియవు. నల్లబల్ల మీద రాసింది కనబడాలని తరగతిలో కుడివైపు చివర కూర్చుంటాడు. అలా కూర్చుంటే ఎడమ కంటికి బల్ల అంతా అందుతుంది. నేను ఆ బడిలో పాఠం చెప్పను. వాళ్లమ్మ చెబితే విన్నాను.

సున్నాన్ని ఇళ్లలోంచి తరిమేయాలని నేను చెప్పడం లేదు. అది ప్రమాదకరమని ఎవరికీ అనిపించలేదన్నదే నా బాధ. అదే గొట్టం మీద 'కాల్షియం హైడ్రాక్సైడ్' అని రాసి ఉంటే ఆ ఇంట్లో దాన్ని పిల్లాడికి అందేచోట పెట్టేవారా? ఆ పేరు చూసి భయపడేవారు. ఆ భయం ఆ రోజు అవసరమైన భయం.

రాతిలోంచి వచ్చిన నీళ్లు

'సహజం' అన్న మాట మీద నాకున్న అపనమ్మకం సున్నంతో మొదలు కాలేదు. మా మేనత్తను నల్గొండ జిల్లాలో ఇచ్చారు. సెలవులకు వెళ్లినప్పుడు అక్కడి పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు, నడుం వంగి కర్రతో నడిచే నలభై ఏళ్ల మనుషులు కనిపించేవారు. ఆ నీళ్లలో ఏ ఫ్యాక్టరీ ఏమీ కలపలేదు. చల్లటి, తేటైన బోరునీళ్లు. భూగర్భంలోని గ్రానైటు రాతిలోంచి ఫ్లోరైడ్ కరిగి ఊరింది. ఈ జబ్బును మన దేశంలో మొదట వైద్యపత్రికకు ఎక్కించింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ పరవాలేదంటారు, వేరే దారి లేకపోతే ఒకటిన్నర. దాన్ని దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి. అదే ఫ్లోరైడ్‌ను పళ్లు పుచ్చకుండా టూత్‌పేస్టులో కలుపుతారు. వస్తువు ఒకటే. ఎంత, ఎన్నాళ్లు, లోపలికా పైపైనా అన్నదాన్ని బట్టి అది మందో జబ్బో అవుతుంది.

1970ల్లో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ ఆ నీళ్లను బాగుచేయడానికి ఒక పద్ధతి తెచ్చింది. దానికి నల్గొండ పద్ధతి అనే పేరు. వాడేవి మూడే: పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్. మూడూ పచారీ కొట్టు పేర్లే. నీటిలోని ఫ్లోరైడ్‌ను, క్షారతను ముందు కొలిచి, దాన్ని బట్టి పాళ్లు వేసి, కలిపి, తేర్చాలి. పటిక ఎక్కువైతే నీటిలో అల్యూమినియం మిగులుతుంది. రోజూ కొలవాలి, రోజూ అడుగున చేరిన బురద తీయాలి. ఆ ఓపిక ఊరూరా నిలవలేదు. చివరికి అక్కడి జనానికి ఊరట దొరికింది కృష్ణానీళ్లు ఊళ్లకు చేరాకే. అయినా ఆ పద్ధతి అంటే నాకు గౌరవం. సహజంగా వచ్చిన విషాన్ని 'కెమికల్స్' పెట్టి తీయడమే ఆ పద్ధతి.

తాంబూలం సంగతి కూడా దాచను. అమ్మకు ఇష్టమని ఎన్నో ఏళ్లు నేనే వక్కలు కొని తెచ్చాను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో వక్కను మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు లేకుండా వేసుకున్నా సరే. సున్నం తగిలితే వక్కలోని పదార్థాలు ఇంకా చురుకుగా నోటి పొరల్లోకి దిగుతాయి. ఆకు, వక్క, సున్నం మూడూ మన సంప్రదాయమే. ప్రతి శుభకార్యంలో చేతిలో పెట్టి ఇస్తాం. ఇవ్వడం మానమని నేను అనలేను. నమలడం మాత్రం అమ్మ చేత మాన్పించాను, ఏడాది పట్టింది.

నా వాదనకు ఎదురు నిలిచేది

ఈ మాటలన్నీ ఒకరోజు విరామ సమయంలో తోటి టీచరుతో అన్నాను. ఆవిడ తెలుగు చెబుతుంది, సొంతూరు విశాఖపట్నం దగ్గర. నెమ్మదిగా విని, "నువ్వు చెప్పేది నిజమే. కానీ 'నీళ్లు కూడా రసాయనమే, అన్నీ రసాయనాలే' అని మొదట మాకు చెప్పింది ఫ్యాక్టరీ వాళ్లు" అంది.

నాకు జవాబు రాలేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం దగ్గరి ఆర్.ఆర్. వెంకటాపురంలో నిద్రలో ఉన్న జనం మీదికి ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి వచ్చింది. కనీసం 12 మంది చనిపోయారు, వందల మంది రోడ్ల మీద కుప్పకూలారు. మన ఫంక్షన్లలో వాడి పారేసే థర్మోకోల్ పళ్లాలకు మూలపదార్థం ఈ స్టైరీనే. చల్లగా ఉంచకపోతే దాని అణువులు వాటంతట అవే గొలుసులు కట్టుకుంటూ, అది వేడెక్కిపోతుంది. లాక్‌డౌన్‌లో ఆగిన ట్యాంకులో జరిగింది అదే. భోపాల్ గురించి చెప్పనక్కరలేదు. మా పల్నాడులోనే పత్తి చేలకు మందు కొట్టి వచ్చి, స్నానం చేసేలోపే కళ్లు తిరిగి పడిపోయినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. జనం రసాయనమన్న మాటకు బెదిరితే అది అజ్ఞానమని నేను ఏ ముఖంతో అంటాను? ఆ బెదురు పుస్తకాల్లోంచి రాలేదు. ఒంటి మీది నుంచి వచ్చింది.

ఆ రాత్రి చాలాసేపు ఈ మాటే ఆలోచించాను. 'అన్నీ రసాయనాలే' అన్న మాట కూడా 'రసాయనాలు లేవు' లాగే ఏమీ చెప్పని మాట. 'రసాయనాలు లేవు' అన్నది రసాయనాలన్నింటినీ ఒకే గాట కట్టి భయపెడుతుంది, 'అన్నీ రసాయనాలే' అన్నది అన్నింటినీ ఒకే గాట కట్టి జోకొడుతుంది. వెంకటాపురం వాళ్లకు తమ గోడ అవతల ట్యాంకులో ఉన్నదాని పేరు తెలియదు. దాన్ని ఎంత చల్లగా ఉంచాలో తెలియదు. సైరన్ మోగితే ఎటు పరుగెత్తాలో తెలియదు. మా పక్కింటివాళ్లకు గొట్టంలో ఉన్నదాని పేరు తెలియదు. రెండుచోట్లా దాచినది ఒకటే. అందుకని ఆవిడ మాటతో నా వాదన పడిపోలేదు గానీ, దాని బరువు మారింది. అంతకుముందు నేను కొనేవాళ్ల భయాన్ని సరిదిద్దాలని చూశాను. ఇప్పుడు అమ్మేవాళ్లను, దాచిపెట్టేవాళ్లను పేరు చెప్పమని అడగడమే ముఖ్యమనిపిస్తోంది. ఆ పేరు అడగాలంటే, పేరు వినగానే పారిపోకుండా నిలబడటం మనకు రావాలి. ఇక్కడ మాత్రం నా పాత పట్టు వదులుకోను.

మామిడిపళ్ల దగ్గర ఈ చిక్కు స్పష్టంగా కనబడుతుంది. పొడి సున్నాన్ని బొగ్గుతో కలిపి విద్యుత్ కొలిమిలో సుమారు 2000 డిగ్రీల దగ్గర కాలిస్తే కాల్షియం కార్బైడ్ వస్తుంది. దానికి తేమ తగిలితే కాయలను మాగబెట్టే అసిటిలీన్ వాయువు వెలువడుతుంది, అడుగున తెల్లగా మిగిలేది మళ్లీ సున్నమే. బజారు కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు కూడా ఉంటాయి. అందుకే పళ్లు మాగబెట్టడానికి దాన్ని వాడకూడదని ఆహార భద్రతా నిబంధనలు కచ్చితంగా చెబుతున్నాయి. ఇథిలీన్ సంగతి వేరు. పండే కాయ తనంతట తానే వదిలే వాయువు అది. నాన్న వరిగడ్డిలో కాయలు కప్పిపెట్టింది ఆ వాయువును పట్టి ఉంచడానికే, ఆ పేరు ఆయనకు తెలియకపోయినా. గదిలో గాలికి పది లక్షల పాళ్లలో 100 పాళ్ల వరకు ఇథిలీన్ పెట్టి మాగబెట్టడానికి అనుమతి ఉంది.

నిరుడు వేసవిలో పళ్ల బండి దగ్గర ఒకాయన "కెమికల్ వేశారా?" అని అడిగాడు. బండివాడు "లేదండీ, చెట్టు మీద పండినవి" అన్నాడు. కాయలన్నీ ఒకే పసుపు, తొడిమ దగ్గర మాత్రం పచ్చిగా గట్టిగా ఉన్నాయి. అడిగినాయన తృప్తిగా రెండు డజన్లు కొనుక్కుని వెళ్లాడు. ఆ ప్రశ్నకు ఇంకో జవాబు ఎవరిస్తారు? డబ్బు పెట్టి ఇథిలీన్ గది కట్టుకుని, నిబంధన ప్రకారం మాగబెట్టిన వ్యాపారి నిజం చెబితే 'కెమికల్ వేశాను' అనాలి. బుట్ట అడుగున కార్బైడ్ పొట్లం దోపినవాడు లేదనేస్తాడు. అవునా కాదా అన్న ప్రశ్న నిజాయితీపరుడిని ఓడిస్తుంది. "దేనితో మాగబెట్టారు?" అని అడగాలి. నేను ఆ బండివాణ్ణి అలాగే అడిగాను. అతను నా వైపు చూసి, పళ్ల మీద గుడ్డ సర్దుకున్నాడు.

తినే సరుకుల మీద 'సహజం', 'స్వచ్ఛం' అని ఇష్టం వచ్చినట్టు రాయకుండా 2018లో నిబంధనలు వచ్చాయి. అది మంచి అడుగు. గోడకు వేసే సున్నానికి అవి వర్తించవు. తాంబూలపు సున్నం గొట్టం మీద కన్ను బొమ్మ, నీళ్ల బొమ్మ వేయమని గట్టిగా అడిగేవాళ్లు లేరు. ఆ రెండు బొమ్మలకు ఎంత ఖర్చవుతుంది? ఆకు బొమ్మ వేసే సిరాతోనే అవుతుంది.

పండగ ముందు రోజు కుంచె పట్టే మనిషి వచ్చాడు. సంచిలోని పొడిని బకెట్లోకి వంపి, నీళ్లు పోసి, చేత్తో కలపబోయాడు. ఆపి, కర్ర ఇచ్చాను. కళ్లకు పెట్టుకోమని బడి ప్రయోగశాల అద్దాలు ఇస్తే మొదట నవ్వాడు గానీ, పైకప్పు అంచు దగ్గరికి వచ్చేసరికి తనే అడిగి పెట్టుకున్నాడు. సాయంత్రానికి వసారా బూడిదరంగులో తడిగా ఉంది. పొద్దున లేచి చూస్తే తెల్లగా మెరుస్తోంది.

మిగిలిన సున్నాన్ని అమ్మ పాత డాల్డా డబ్బాలో పోసి మూత పెట్టింది. నేను ఒక కాగితం మీద రాసి డబ్బాకు అంటించాను: 'తడి సున్నం. కాల్షియం హైడ్రాక్సైడ్. కంట్లో పడితే వెంటనే నీళ్లతో అరగంట కడగాలి. తర్వాత ఆసుపత్రి.' అమ్మ కళ్లజోడు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది. రెండో మాట దగ్గర ఆగి, ఇంకోసారి చదివింది. తర్వాత డబ్బాను కింది అరలోంచి తీసి అటక మీద పెట్టించింది. "నీళ్లు అన్న మాట ఇంకా పెద్దగా రాయి. గాభరాలో చిన్న అక్షరాలు కనబడవు" అంది. కాగితం చించి మళ్లీ రాశాను.